అరవై సున్నాలు

ఆ మంగళవారం నూకరత్నం పావుగంట ఆలస్యంగా వెళ్ళింది. గైరమ్మ తలుపు తియ్యలేదు. లోపల్నుంచే అందుకుంది.

"ఇప్పుడా రావడం? ముసల్ది సచ్చిందో బతికుందో సూసి పోదారని వొచ్చినావేటి? బతికే ఉన్నాను. పో!"

నాలుగు అంతస్తులు ఎక్కిన ఆయాసంతో నూకరత్నం గోడకు ఆనుకుంది. "తలుపు తియ్యత్తా. షుగరు మాత్రలు తెచ్చాను. నెత్తళ్ళ చేపల పులుసు కూడా తెచ్చాను."

"నీ పులుసు నాకక్కర్నేదు."

అంటూనే గడియ తీసింది. ఆ తర్వాత గంటసేపు తింటూ తిట్టింది, తిడుతూ నవ్వింది. జనపనార మిల్లులో తను మేస్త్రీ చెంప పగలగొట్టిన సంగతి మళ్ళీ మొదట్నుంచి చెప్పింది. నూకరత్నం లేవబోతే కొంగు పట్టుకుని, "శుక్కురారం బేగి రా," అంది.

విశాఖపట్నం శివార్లలో, కొండవాలు గుడిసెలు తీసేసి జనాన్ని తెచ్చిపెట్టిన కాలనీ అది. పన్నెండు బ్లాకులు, ఒక్కోటి నాలుగంతస్తులు. లిఫ్టు కోసం కట్టిన గోతుల్లో చెత్త ఉండేది, లిఫ్టు ఉండేది కాదు. ఆ బ్లాకుల్లో ఒంటరిగా బతికే ముసలివాళ్ళు అరవై మంది; నూకరత్నం వరస కలిపి అత్తా అని పిలిచే గైరమ్మ వాళ్ళలో ఒకతె. నూకరత్నం ముప్ఫై ఒక్కేళ్ళు సిటీ బస్సులో కండక్టరుగా చేసి రిటైరైంది. ఇంట్లో కూర్చోలేక, ఇరుగుపొరుగు ఆడవాళ్ళను పది మందిని పోగేసి 'పలకరింపు' అని ఒక జట్టు కట్టింది. వంతులు వేసుకుని వెళ్ళేవారు. మందులు తెచ్చేవారు, నీళ్ళ డబ్బాలు మోసేవారు, ఆసుపత్రికి తోడు వెళ్ళేవారు. అన్నిటికంటే ఎక్కువగా, కూర్చుని మాట్లాడేవారు.

జట్టుకు ఒక ఫోను ఉండేది. అది నూకరత్నం దగ్గరే. దాన్ని ఎక్కువగా మోగించేది గైరమ్మ ఎదురింట్లో ఉండే సింహాద్రి. ఓడరేవులో క్రేను నడిపి మానేసిన మనిషి.

"రత్నమ్మా, టైమెంతయిందమ్మా?"

"మీ గోడకి గడియారం ఉంది కదా బాబాయ్."

"ఉంది. సరిగ్గా నడుస్తందో లేదో అని."

రోజుకు పదిసార్లు టైము అడిగేవాడు. ఆమె పదిసార్లూ చెప్పేది. కానీ రెండేళ్ళు తిరిగేసరికి జట్టులో ముగ్గురు మానేశారు. నూకరత్నం మోకాళ్ళు అరిగిపోయాయి. ఫోను మోగితే ఒక్కోసారి ఆమె దాని మీద దిండు పెట్టేసేది.

అలా దిండు పెట్టడం హిమజ చూసింది. హిమజ నూకరత్నం చెల్లెలి కూతురు. ఎనిమిదో ఏట తల్లి పోతే పెద్దమ్మే పెంచి, చదివించింది. ఇప్పుడు బీచి రోడ్డులో మెదడు మీద పరిశోధనలు చేసే ఒక ల్యాబులో పని. మర్నాడు సాయంత్రం ఒక చిన్న డబ్బా తెచ్చి పెద్దమ్మ ముందు మూత తీసింది. లోపల బొట్టుబిళ్ళంత బొత్తాం.

"ఆకలేస్తే కడుపు మండుతుంది కదా పెద్దమ్మా. మనిషి తోడు లేకపోతే మెదడులో కూడా అలాంటి మంటే పుడుతుంది. అది ఏ కణాల్లో పుడుతుందో మేము పట్టుకున్నాం. ఇది దాన్ని ఆర్పేస్తుంది. మత్తుండదు, నొప్పుండదు. ఏదీ, ఇటు తిరుగు."

చెవి వెనక చల్లగా తగిలింది. కాసేపు ఏమీ తెలియలేదు. తర్వాత నూకరత్నానికి గోడ మీద చెల్లెలి ఫొటో కనిపించింది. ఆ ఫొటో చూస్తే ఇరవై ఏళ్ళుగా గుండెలో ఎక్కడో లాగేది. ఇప్పుడు లాగలేదు. అది ఒక ఫొటో, అంతే. టేబులు మీద ఫోను మోగింది. దాని మీద దిండు పెట్టాలనిపించలేదు, ఎత్తాలనీ అనిపించలేదు. అరగంట తర్వాత హిమజ బొత్తాం తీసేసింది. లాగుడంతా ఒక్కసారి వచ్చి మీద పడేసరికి నూకరత్నం చీర చెంగుతో కళ్ళు తుడుచుకుంది.

ఆ క్షణంలో ఆమెకు భయం వెయ్యలేదు. అబ్బ, గైరమ్మకి ఇది ఉంటే ఎంత హాయి అనుకుంది. తర్వాతి రోజుల్లో తనను తాను తిట్టుకున్నప్పుడల్లా ఆమె మొదట ఈ మాట దగ్గరికే వచ్చేది.

ల్యాబు వాళ్ళకు అరవై మంది కావాలి. కాలనీలో అరవై మంది ఉన్నారు. ల్యాబు మనుషుల్ని చూస్తే ముసలివాళ్ళు తలుపులు వేసుకునేవారు. నూకరత్నాన్ని చూసి తీశారు. కాగితాలు చదివి వినిపించింది ఆమే, వేలిముద్రలు వేయించింది ఆమే. గైరమ్మ మాత్రం బొత్తాన్ని అరచేతిలో తిప్పి చూసి వెనక్కి ఇచ్చేసింది.

"నా ఏడుపు నాను ఏడుత్తాను. నీకేటి నొప్పి?"

"మోకాళ్ళ నొప్పత్తా," అనేసింది నూకరత్నం. "వారానికి రెండుసార్లు నీ మెట్లు ఎక్కలేకపోతున్నాను. నా కోసం పెట్టించుకో."

గైరమ్మ ఆమె మోకాళ్ళకేసి చూసింది. వాచి ఉన్నాయి. బొటనవేలు చాపింది.

ల్యాబులో ఒక గోడంతా తెర. తెర మీద అరవై గళ్ళు, ఒక్కో గడిలో ఒక పేరు, ఒక అంకె. నూటికి ఎంత ఒంటరితనమో ఆ అంకె చెబుతుంది. మొదటి రోజు గైరమ్మది ఎనభై ఒకటి, సింహాద్రిది తొంభై నాలుగు. రెండో వారానికి ముప్ఫైలకు దిగాయి. నాలుగో వారం ఒక మధ్యాహ్నం చివరి గడి కూడా సున్నాకు వచ్చింది. ల్యాబులో అందరూ లేచి చప్పట్లు కొట్టారు. హిమజ ఆనందం పట్టలేక పెద్దమ్మను కౌగిలించుకుంది. ల్యాబు పెద్ద డాక్టర్ సదానంద్, పలకరింపు జట్టులో మిగిలిన ఆడవాళ్ళందరికీ శాలువాలు కప్పాడు.

"ఇన్నాళ్ళూ ఈ బరువు మీరు మోశారు. ఇక విశ్రాంతి తీసుకోండమ్మా," అన్నాడు.

ఆ బొత్తాం పేరు 'తోడు' అని పెట్టారు. పత్రికలవాళ్ళు ఫొటోలు వేశారు. మందులు ఇంటి ముందు పెట్టి వెళ్ళే ఏర్పాటు చేశారు. పలకరింపు ఫోను మోగడం మానేసింది. జట్టు ఆడవాళ్ళు ఒకరొకరుగా తమ ఇళ్ళల్లో పడ్డారు. నూకరత్నం రెండు మోకాళ్ళకూ ఆపరేషను చేయించుకుంది. ఒకటి మానాక రెండోది. మొత్తం అయిదు నెలలు పట్టింది. మంచం మీద ఉండగా రెండుసార్లు గైరమ్మకు ఫోను చేసింది. "బాగున్నాను," అని గైరమ్మ పెట్టేసింది. తిట్టలేదు. మనిషి కుదుటపడిందని నూకరత్నం సంతోషించింది.

కార్తీకంలో ఒక ఉదయం, కొత్త మోకాళ్ళతో, పులుసు గిన్నె పట్టుకుని కాలనీకి వెళ్ళింది.

మెట్ల కింద సిమెంటు అరుగు ఖాళీగా ఉంది. పొద్దున్నే అక్కడ అయిదారుగురు ముసలివాళ్ళు కూర్చుని దారినపోయే అందరి మీదా వంకలు పెట్టేవారు. ఎవరూ లేరు. పైకి వెళ్తుంటే తలుపుల ముందు మందుల పొట్లాలు విప్పకుండా పడి ఉన్నాయి. ఒకదాని మీద ఒకటి, మూడు నెలలవి. నాలుగో అంతస్తులో ఏదో చెడు వాసన. గైరమ్మ తలుపు నెడితే తెరుచుకుంది.

గైరమ్మ కుర్చీలో కూర్చుని ఉంది. సగానికి సగం అయిపోయింది.

"ఎవరూ?"

"నేనత్తా. రత్నాన్ని."

"ఓ," అంది గైరమ్మ. అంతే.

ఎడమ పాదానికి పాత చీర పీలిక చుట్టి ఉంది. నూకరత్నం కింద కూర్చుని విప్పింది. వేళ్ళు నల్లగా మాడిపోయాయి. నలుపు చీలమండ దాటి పైకి పాకింది.

"అమ్మో, ఇదేంటత్తా! ఎప్పట్నుంచి?"

"దసరా ముందునుంచి."

"నొప్పి తెలీలేదా?"

"తెలిసింది. సానా నొప్పి."

"మరి నన్ను పిలవలేదేం?"

గైరమ్మ నిజంగానే ఆలోచించింది. కోపం లేదు, నిష్ఠూరం లేదు. లెక్క కుదరని మనిషిలా నుదురు ముడిచి అడిగింది: "నిన్నెందుకు పిలవడం?"

నూకరత్నం అంబులెన్సుకు ఫోను చేసి, వాళ్ళు వచ్చేలోగా మనిషి సాయం కోసం ఎదురింటి తలుపు కొట్టింది. అప్పుడు అర్థమైంది, వాసన ఎక్కణ్ణుంచి వస్తోందో. లోపల సింహాద్రి గచ్చు మీద పక్కకు ఒరిగి పడి ఉన్నాడు. చేతికందేంత దూరంలో ఫోను ఉంది. దాన్ని ముట్టుకున్న జాడే లేదు. చెవి వెనక బొత్తాం మీద పచ్చ దీపం ఇంకా వెలుగుతోంది.

ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని హిమజకు ఫోను చేసింది.

"సింహాద్రి బాబాయ్ గడి చూడు. ఎంతుంది?"

"ఆగు పెద్దమ్మా... సున్నా. మూడు రోజులుగా ఒక్క గీత కూడా కదల్లేదు. అందరికంటే ఈయనే బాగా..."

"చచ్చిపోయాడే. శవం నా ముందుంది."

నూకరత్నం ఫోను పెట్టేసింది.

మధ్యాహ్నం గైరమ్మను ఆసుపత్రిలో చేర్పించి, సింహాద్రి శవాన్ని అక్కడే అప్పగించి నూకరత్నం నేరుగా ల్యాబుకు వెళ్ళింది. చెప్పులు విప్పమన్న కాపలా మనిషిని తోసుకుంటూ లోపలికి నడిచింది. గోడ మీద తెర వెలుగుతోంది. సింహాద్రి పేరు పక్కన సున్నా అలాగే ఉంది.

సదానంద్ లేచి నిలబడ్డాడు. "నాకు ఇప్పుడే తెలిసిందమ్మా. చాలా బాధాకరం. కానీ బొత్తాం చూసేది ఆ కణాల్ని మాత్రమే. గుండెను కాదు. తర్వాతి మోడల్లో గుండె కొట్టుకోవడం కూడా..."

"ఆయన పడిపోయిన వెంటనే చచ్చిపోలేదు. ఆసుపత్రిలో చెప్పారు. సగం రోజు బతికున్నాడు. ఫోను పక్కనే ఉంది. టైమెంతని రోజుకి పదిసార్లు అడిగే మనిషి, ప్రాణం పోతుంటే ఒక్కసారి కూడా చెయ్యలేదు. ఎందుకు చెయ్యలేదు? చెప్పండి!"

"మీరు ఆవేశంలో ఉన్నారు. ఇన్ని నెలల్లో అరవై మందిలో ఒక్కరి నుంచి కూడా ఫిర్యాదు రాలేదు."

"ఎలా వస్తుంది? ఫిర్యాదు చెయ్యాలంటే ఎదుటి మనిషి కావాలనిపించాలి. మీరు తీసేసింది దాన్నే కదా! ఆకలి చంపేశారు. అన్నం అడగడం లేదు కాబట్టి కడుపు నిండిందని ఈ గోడ మీద రాసుకున్నారు. చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. నా చేతులతోనే వేలిముద్రలు వేయించాను."

"వచ్చే నెల పదివేల మందికి పెడుతున్నాం. ఒక ప్రమాదం చూసి..."

నూకరత్నం ఆయన్ని వదిలేసి హిమజకేసి తిరిగింది. "అన్నీ తీసెయ్యి. ఈ రోజే."

హిమజ మొహం పాలిపోయి ఉంది. "ఒక్కసారి తీస్తే ప్రమాదం పెద్దమ్మా. ఆరు నెలలుగా ఆర్పిందంతా ఒకేసారి వస్తుంది. నాలుగైదు రోజులు మనిషి పక్కనుంచి కదలకూడదు. గుండె ఆగిపోవచ్చు. ఏమైనా చేసుకోవచ్చు. అరవై మంది పక్కన కూర్చోవడానికి ఎవరున్నారు?"

"ఉండేవాళ్ళు," అంది నూకరత్నం. "శాలువాలు కప్పి ఇంటికి పంపేశారు."

హిమజ మణికట్టు పట్టుకుని బయటికి లాక్కొచ్చి ఆటో ఎక్కించింది. చిన్నప్పుడు బడికి వెళ్ళనని మొరాయించిన రోజున కూడా ఆ పిల్లను ఆమె అంత గట్టిగా పట్టుకోలేదు.

గైరమ్మ కాలు మోకాలి కింద వరకూ తీసెయ్యాలన్నారు. ఆపరేషనుకు ముందు ఒంటి మీద కరెంటు పరికరం ఏదీ ఉండకూడదని నర్సు బొత్తాం పీకి ట్రేలో వేసింది. గైరమ్మ కళ్ళు తెరిచేసరికి మంచానికి అటు నూకరత్నం, ఇటు హిమజ ఉన్నారు.

మొదట ఆమె పైకప్పుకేసి చూసింది. తర్వాత నూకరత్నం మొహం చూసింది. నోరు తెరుచుకుంది. దాన్లోంచి వచ్చిన కేకకు వార్డులో పడుకున్నవాళ్ళు లేచి కూర్చున్నారు.

"ఆర్నెల్లు! ఆర్నెల్లు ఎక్కడ సచ్చినావే! నా కోసం పెట్టించుకో అన్నావు. పెట్టించుకున్నాను. మరి వొచ్చినావా? నాను పిలవకపోతే నువ్వు రావా? నీకేటి, నీ సెవికి బొత్తాం ఉందా?"

రెండు చేతులతో నూకరత్నం గుండెల మీద కొట్టింది. నూకరత్నం వెనక్కి జరగలేదు. చేతులు అలిసిపోయాక గైరమ్మ దుప్పటి కింద లేని కాలిని తడుముకుంది, ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి అడిగింది.

"సింహాద్రి ఎలాగున్నాడు?"

గైరమ్మ వాళ్ళ మొహాల్ని చూసింది.

"వాసనొచ్చింది రత్నం," అంది చిన్న గొంతుతో. "నాకు తెలిసింది. అది ఏటి వాసనో తెలిసింది. లేచి కిటికీ ఏసుకున్నాను. ఏసుకొని టీ తాగాను."

ఆమె తల తిప్పి హిమజను చూసింది. "నువ్వేనా అమ్మా అది సేసింది?"

"అవును మామ్మా."

"నా కాలు పోతే పోనీ. ఆ టీ తాగింది నానేనా? సెప్పు. నానేనా, ఇంకెవరైనానా?"

హిమజ వార్డు బయటికి వెళ్ళి గోడ పక్కన వాంతి చేసుకుంది. నూకరత్నం వెనకాలే వెళ్ళి నీళ్ళ సీసా ఇచ్చింది కానీ వీపు నిమరలేదు. "మొహం కడుక్కుని లోపలికి రా," అంది. "నాలుగు రోజులన్నావు కదా."

నాలుగు రోజులూ ఇద్దరూ వంతుల మీద కూర్చున్నారు. రెండో రోజు సదానంద్ పంపిన మనిషి కొత్త బొత్తాం పట్టుకొచ్చాడు. రోగి క్షోభ పడుతోందని తెలిసిందనీ, మళ్ళీ పెడితే ఉపశమనంగా ఉంటుందనీ చెప్పాడు. గైరమ్మ ఉమ్మేసింది. గురి తప్పలేదు.

పదివేల మందికి బొత్తాలు పెట్టడం మొదలుపెట్టే సభకు గైరమ్మను చక్రాల కుర్చీలో తీసుకెళ్ళారు. అధికారులు ముందు వరుసలో ఉన్నారు. హిమజ వేదిక ఎక్కి సింహాద్రి గడి తెర మీద వేసింది. చావుకు ముందు సున్నా, చచ్చిపోతుండగా సున్నా, చచ్చాక మూడు రోజులు సున్నా. ఎక్కడ పోయాడో గీత చూసి చెప్పమని అడిగింది. ఎవరూ చెప్పలేకపోయారు. తర్వాత గైరమ్మ మైకు లాక్కుని కిటికీ సంగతి చెప్పింది. టీ సంగతి కూడా దాచలేదు. పదివేలూ ఆగిపోయాయి. విచారణ అన్నారు. సదానంద్ మాత్రం లోపం బొత్తాంలో లేదనీ, వాడుకలో ఉందనీ ఇప్పటికీ రాస్తూనే ఉన్నాడు. హిమజ ఉద్యోగం పోయింది.

మిగిలిన యాభై ఎనిమిది మంది ఉన్నారు. నూకరత్నం ముందు పాత జట్టు ఇళ్ళకు వెళ్ళి శాలువాలు కప్పించుకున్న ఆడవాళ్ళందర్నీ మళ్ళీ లేపింది. తర్వాత తన డిపోకు వెళ్ళి డ్యూటీ దిగుతున్న కండక్టర్ల ముందు నిలబడింది. నాలుగు రోజులు ఒక ముసలి మనిషి పక్కన కూర్చోవాలి, తిడితే పడాలి, కొడితే ఓర్చుకోవాలి, ఎవరొస్తారని అడిగింది. బతిమాలలేదు, అరిచింది. పంతొమ్మిది మంది వచ్చారు. ఒకసారికి ఆరు బొత్తాల చొప్పున తీస్తూ పోయారు. తీసెయ్యమంటారా అని అడిగితే చాలామంది "మీ ఇష్టం" అన్నారు. తీశాక వాళ్ళు కట్టలు తెగినట్టు ఏడ్చారు. ఒకావిడ హిమజ జుట్టు పట్టుకుని గోడకేసి కొట్టింది. హిమజ కుట్లు వేయించుకుని సాయంత్రానికి మళ్ళీ వచ్చి కూర్చుంది.

కాలనీ సంక్షేమ సంఘం గదిలో రాసిపెట్టుకున్న జాబితాలో చివరికి ఒక్క పేరు మిగిలింది. రెండో బ్లాకులో డ్రిల్లు మాస్టారు జోగారావు. ఆయన మాత్రం తియ్యనివ్వలేదు.

"మా ఆవిడ పోయి రెండేళ్ళు," అన్నాడు తాపీగా. "బొత్తాం లేనప్పుడు ఆవిడ చీరలు నేల మీద పరుచుకుని పడుకునేవాణ్ణి. నాకు మతి ఉంది. కాగితం మీద సంతకం పెట్టింది తెలిసే. తీస్తే కేసు పెడతాను."

నూకరత్నానికి ఒళ్ళు మండింది. మంచాన పడితే ఎవరు చూస్తారని అరిచింది. ఆయన ఓపిగ్గా విని, "అరవడం అయితే తలుపు దగ్గరగా వేసి వెళ్ళమ్మా," అన్నాడు.

ఆ తర్వాత ఆమె రోజూ ఉదయం ఆయన ఇంటికి వెళ్ళడం మొదలుపెట్టింది. హిమజను కూడా తీసుకెళ్ళేది. ఆయన రమ్మనడు, పొమ్మనడు. పేపరు చదువుకుంటూ ఉంటాడు. వీళ్ళు గ్యాసు కట్టేసి ఉందో లేదో చూస్తారు, మాత్రలు లెక్కపెడతారు, ఎదురుగా గంట కూర్చుంటారు.

ఇరవయ్యో రోజో, ఇరవై ఒకటో రోజో, మెట్ల మీద హిమజ ఆగిపోయింది. "మనం వచ్చినా రాకపోయినా ఆయనకి తేడా లేదు పెద్దమ్మా. ఎప్పటికీ ఉండదు. నాకు తెలుసు, నేనే కదా చేసింది."

"నడు," అంది నూకరత్నం.

జోగారావు తలుపు తీసి, వచ్చింది ఎవరో చూసి, మళ్ళీ వెళ్ళి పేపరు పట్టుకున్నాడు. చొక్కా ఎడమ చెయ్యి మణికట్టు దాకా దించి గుండీ పెట్టుకున్నాడు. ఉక్కపోతలో ఎప్పుడూ మడత పెట్టుకునే మనిషి. నూకరత్నం దగ్గరికి వెళ్ళి చొక్కా చెయ్యి పైకి లాగింది. మోచేతి దాకా చర్మం బొబ్బలెక్కి, పగిలి, చీము పట్టి ఉంది.

"ఏం జరిగింది?"

"గంజి ఒలికింది."

"ఎప్పుడు?"

"మొన్న ఆదివారం మీరు వెళ్ళిన తర్వాత."

నాలుగు రోజులు. నాలుగు రోజులూ ఇద్దరూ వచ్చి ఎదురుగా కూర్చున్నారు. ఆయన చెప్పలేదు, వాళ్ళు చూడలేదు.

"మండుతోందా?"

"మండుతోంది," అన్నాడు జోగారావు, పేజీ తిప్పుతూ.

నూకరత్నం పళ్ళు కొరుక్కుంది. ఆ పేపరు లాగి చింపెయ్యాలనిపించింది. ఆయన్ని చెంప మీద కొట్టాలనిపించింది, వెనకాల నిలబడ్డ హిమజను కొట్టాలనిపించింది, అద్దం ఉంటే తననూ కొట్టుకునేది. ఇవేవీ చెయ్యలేదు. గిన్నెలో చల్లటి నీళ్ళు పట్టి తెచ్చి ఆయన కుర్చీ పక్కన పెట్టింది.

"కూర్చో," అంది హిమజతో. "కడుగు. మెల్లగా."

హిమజ కింద కూర్చుని ఆయన చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది. జోగారావు పేపరు కుడిచేతికి మార్చుకుని చదువుకుంటూనే ఉన్నాడు.